మా పాపను ఆటో దించేశాను, మిగతా పిల్లల మాటేమిటి?

పొదలకూరు దగ్గర ఒక పల్లె నుంచి ఈ ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు, రెండు రంగుల సిరా. మధ్యలో ఆపేసి మళ్లీ ఎప్పుడో కూర్చుని పూర్తి చేసినట్టున్నారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆమె భర్త పద్నాలుగేళ్లుగా ఆటో తోలుతున్నారు. ఇప్పుడున్నది 2014 మోడలు డీజిల్ ఆటో. నాలుగేళ్ల కిందట కోవూరు వైపు ఒకాయన దగ్గర పాతది కొన్నారు. డబ్బు ఇచ్చి ఆర్‌సీ (రిజిస్ట్రేషను కాగితం) తెచ్చుకున్నారు, అందులో పేరు మాత్రం మార్పించుకోలేదు. నిరుడు ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక నెల్లూరు రోడ్డు మీద ఎక్కే జనం సగానికి సగం తగ్గారు. దాంతో తెల్లవారుజామున నిమ్మకోతకు తొమ్మిది, పది మంది కూలీలను తోటల దగ్గర దింపి, ఎనిమిదింటికి ఎనిమిది మంది పిల్లల్ని పొదలకూరులో బడికి తీసుకెళుతున్నారు. అక్టోబరులో తోటి డ్రైవర్లకు ప్రభుత్వ పథకం కింద ఖాతాలో 15,000 పడితే ఈయనకు పడలేదు. ఆ కోపం ఇంకా పోలేదట.

ఆటో ఎఫ్‌సీ (బండిని పరీక్షించి ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) ఈ జనవరి 16తో అయిపోయింది. పండక్కి వారం ముందే ఆయన బండిని పరీక్షకు తీసుకెళ్లారు. బ్రేకు చాలడం లేదు, హెడ్‌లైటు పక్కకు కొడుతోంది, బాగు చేయించి తీసుకురమ్మని పంపేశారు. ఆ తర్వాత మళ్లీ పోలేదు. ఒక ఏజెంటు మాత్రం 14,000 ఇస్తే బండి తేనక్కర్లేదు, పాత బాకీతో సహా అంతా తనే చూసుకుంటానంటున్నాడు.

వైశాఖంలో బంధువులందరూ ఇదే ఆటోలో పెంచలకోన తిరునాళ్లకు వెళ్లారు. తిరిగి వస్తుంటే దారిలో బర్రెలు అడ్డం వచ్చాయి. పెడలు రెండుసార్లు తొక్కినా బండి ఆగలేదు. ఆయన హ్యాండు బ్రేకు లాగి మట్టికట్టకు రాసి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. నవ్వుకుంటూ ఇల్లు చేరారు. ఆమె మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

జూన్ 12న బడి తెరిచారు. మూడో తరగతి చదివే కూతుర్ని ఆమె ఆటో ఎక్కించలేదు. "ఆటోలో వాంతులవతన్నాయంట అని ఆయనకు అబద్ధం చెప్పి పల్లెవెలుగు బస్సులో పంపతా ఉండా" అని రాశారు. నాలుగు రోజులకు పక్క సందులో ఒకావిడ, ఆమె కొడుకు ఈ ఆటోలోనే వెళతాడు, "మీ పాపను బస్సులో పంపతా ఉండావంటనే, ఎందుకు?" అని అడిగింది. ఈమె అదే వాంతుల మాట చెప్పి లోపలికి వచ్చేశారు. ఎఫ్‌సీ మాటెత్తితే భర్త, "ఊళ్లో ఎన్ని ఆటోలకుంది ఎఫ్‌సీ? ఎదురింటాయన కారుకు ఏ పరీక్షా లేదే, మనకే ఎందుకు? గమ్మునుండు" అంటున్నారు.

డ్వాక్రా లోను 30,000 ఈ నెల చేతికి వస్తుంది. ఏజెంటుకు ఇవ్వాలా, రిపేరు చేయించి మళ్లీ పరీక్షకు పోవాలా, ఇది అమ్మేసి కొత్తది తీసుకోవాలా, పిల్లల తల్లులకు నిజం చెప్పాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

*

అమ్మా,

ఏటా జరిగే ఆ పరీక్ష దేనికో మీకు నేను చెప్పనక్కర్లేదు. పాపను ఆటో దించేసిన రోజున మీరే ఆ బండిని పరీక్షించారు. ఫెయిల్ చేశారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు జనవరిలో చెప్పిన మాటే మీరు జూన్‌లో చెప్పారు. కాకపోతే ఆయన నేరుగా చెప్పారు, మీరు వాంతుల పేరుతో చెప్పారు. ఇది మిమ్మల్ని నిలదీయడానికి రాయడం లేదు. కన్నతల్లిగా మీకు తోచింది చేశారు. కానీ మీకు నిద్ర పట్టనిది ఎఫ్‌సీ గురించి కాదని నాకనిపిస్తోంది. ఆ ఎనిమిది మందిలో ఒక్కర్ని దించి ఏడుగుర్ని అందులోనే ఉంచినందుకు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ ఇంట్లో మూడు విషయాలు ఒకే ముడి పడిపోయాయి. బండి బ్రేకు ఒకటి, ఎఫ్‌సీ కాగితం ఒకటి, ఆర్‌సీలో ఉన్న పేరు ఒకటి. మీ ఆయనకు ఈ మూడూ కలిపి "ఎఫ్‌సీ గొడవ". మొత్తంగా చూస్తే పెద్ద కొండలా ఉంది, అందుకే దేన్నీ ముట్టుకోవడం లేదు. విడదీస్తే మొదటిది రెండు రోజుల పని, రెండోది రెండు వారాల పని, మూడోది కొంచెం తిరుగుడు పని.

బ్రేకు విషయంలో మాత్రం నేను మీకు దారులు చూపించలేను, ఉన్నది ఒకటే. పెడలు రెండు మూడుసార్లు కొడితేగానీ బ్రేకు పడటం లేదంటే చక్రం డ్రమ్మును పట్టి ఆపే బ్రేకు షూలు అరిగి దానికి దూరమైపోయి ఉండాలి, లేదా పైపుల్లోకి గాలి చేరి ఉండాలి, లేదా సిలిండరు దగ్గర బ్రేకాయిలు కారుతూ ఉండాలి. మొదటిదైతే నెమ్మదిగా ముదురుతుంది. మూడోదైతే ఒకరోజు పెడలు నేలకు తగులుతుంది, అంతే. మీరే ఒక పని చెయ్యొచ్చు. పొద్దున బండి తీశాక అది నిలబడి ఉన్నచోట, చక్రాల లోపలివైపు తడి మరకలు ఉన్నాయేమో చూడండి. బ్రేకాయిలు డబ్బాలో మట్టం వారం వారం తగ్గుతోందా అని అడగండి. తగ్గుతుంటే ఇక ఆలోచించేది లేదు, బండి ఆ రోజే షెడ్డుకు పోవాలి. మీ మెకానిక్ షూలు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండరు కిట్టు కలిపి 6,500 అన్నాడని రాశారు. రెండు రోజులు బండి ఆగుతుంది. ఆ రెండు రోజుల కూలి, బడి కిరాయి పోతుంది. నిజమే. ఎఫ్‌సీ అనే కాగితమే దేశంలో లేకపోయినా ఈ ఖర్చు మాత్రం మీకు తప్పేది కాదు.

ఇప్పుడు ఏజెంటు మాట. ఈ లెక్క మీ ఆయన ముందు పెట్టండి. ఎఫ్‌సీ గడువు దాటితే కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో రోజుకు 50 రూపాయల అదనపు రుసుము ఉంది. జనవరి 16 నుంచి నేను ఇది రాస్తున్న జూన్ 25కి 160 రోజులు. అంటే 8,000. అది ఎవరి చేతుల మీదుగా పోయినా కట్టాల్సిందే. ఏజెంటు అడిగే 14,000లో ఇది తీసేస్తే 6,000 మిగులుతుంది. అందులోంచి పరీక్ష రుసుము తీసేయండి. మిగిలిందంతా దేనికి? బండి చూపించకుండా ఉన్నందుకు. మీ బ్రేకులకు మెకానిక్ అడిగింది 6,500. అటూ ఇటూగా ఒకే డబ్బు అమ్మా. ఒకరికిస్తే బ్రేకు తొక్కగానే బండి ఆగుతుంది, ఇంకొకరికిస్తే కాగితం వస్తుంది.

ఆ కాగితమైనా గట్టిదా అంటే అదీ లేదు. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షను ప్రకారం బండి నిబంధనలకు తగ్గట్టు లేదని తేలితే ఇచ్చిన ఎఫ్‌సీని అధికారులు ఎప్పుడైనా, కారణం రాసి, రద్దు చెయ్యొచ్చు. పరీక్ష కూడా మారుతోంది. 2021లో వచ్చిన నిబంధనలతో చాలాచోట్ల యంత్రాలతో చూసే కేంద్రాలు పెడుతున్నారు. చక్రాలు రోలర్ల మీద తిప్పి ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో మీటరే చెప్పేస్తుంది. అక్కడ బండి లేకుండా పని జరగదు. ఇప్పుడు 14,000 ఇచ్చి నెగ్గుకొచ్చినా వచ్చే ఏడాది ఇదే బ్రేకు, ఇదే బండి, ఇంకా ముసలిదై ఆ రోలర్ల మీదికి ఎక్కాల్సి వస్తుంది.

చిన్నప్పుడు ఒంగోలులో మా వీధిలో ఒక లారీ ఓనరు ఉండేవాడు. ఎఫ్‌సీ అంటే వాళ్లింట్లో పెళ్లి హడావుడి. బండికి రంగులు వేసి, ఎవరి దగ్గరో కొత్త టైర్లు అద్దెకు తెచ్చి బిగించేవాళ్లు. పాసై ఇంటికి రాగానే టైర్లు విప్పి తిరిగి ఇచ్చేసేవాళ్లు. పిల్లలందరం చుట్టూ నిలబడి చూసేవాళ్లం, మాకదో తమాషా. ఆ టైర్లు విప్పిన బండి కిందే మేం ఆడుకునేవాళ్లమని ఇప్పుడు గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది.

"మనకే ఎందుకు" అన్న మీ ఆయన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. జవాబు చెప్పాలి. ఎదురింటి కారు సొంత వాడకానిది. దాని రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మధ్యలో పొగ సర్టిఫికెట్టు ఉండాలి, బీఎస్-4, ఆ తర్వాతి బండ్లకు అది ఏడాదికోసారి. మీ ఆటో పసుపు బోర్డుది, డబ్బిచ్చిన మనుషుల్ని ఎక్కించుకునేది. రోజంతా తిరుగుతుంది. ఎక్కినవాళ్లకు బ్రేకు ఎలా ఉందో తెలిసే దారి లేదు. అందుకే చట్టం వాళ్ల తరఫున ఒకసారి చూసి రమ్మంటుంది. కొత్త బండికి మొదటి రెండేళ్లు, ఆ తర్వాత ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఎనిమిది దాటాక ప్రతి ఏడాదీ. మీది పన్నెండేళ్ల బండి కాబట్టి ఏటా తప్పదు. (ఎదురింటాయన ఆ తెల్లబోర్డు కారును పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతుంటే మాత్రం అది వేరే కథ, అదీ తప్పే.)

"ఊళ్లో ఎన్నింటికుంది" అన్నదానికి నా దగ్గర మంచి జవాబు లేదు. చాలావాటికి ఉండదు. పట్టుబడనన్నాళ్లూ ఏమీ కాదు కూడా. కానీ పట్టుబడటం చిన్న సంగతి. ఎఫ్‌సీ లేని కిరాయి బండిని చట్టం రిజిస్ట్రేషను లేని బండి కిందే లెక్కగడుతుంది. మొదటిసారి 2,000 నుంచి 5,000 దాకా జరిమానా, రెండోసారి 10,000 దాకా, జైలు కూడా పడే అవకాశం ఉంది. అసలు దెబ్బ ప్రమాదం జరిగితే. దీపావళి దాకా ఇన్సూరెన్సు ఉందని ధైర్యంగా రాశారు. ఎఫ్‌సీ లేదు కాబట్టి షరతు తప్పారని ఇన్సూరెన్సు కంపెనీ కోర్టులో వాదిస్తుంది. బాధితులకు ముందు మీరు చెల్లించండి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోండి అని కోర్టులు కంపెనీలకు చెప్పిన కేసులు చాలా ఉన్నాయి. ఎనిమిది మంది పిల్లల బండిలో ఆ వసూలు ఎంత ఉంటుందో లెక్క వెయ్యను. మీకున్న ఇల్లు, ఆ పక్కన సెంటు స్థలం చాలవు.

రిపేరు చేయించి మళ్లీ పరీక్షకు పోయే దారిలో ఎదురయ్యేవి ఇవి. బ్రేకుతో పాటు హెడ్‌లైటు సరిచేయించండి. ఇండికేటర్లు, వెనక లైటు, హారను, అద్దాలు, వైపరు, స్పీడోమీటరు, సైలెన్సరు, రిఫ్లెక్టర్లు అన్నీ చూస్తారు. హ్యాండిలు తిప్పితే ఆట ఉందేమో చూస్తారు. మూడు చక్రాల బండికి టైరు గాడి 0.8 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు, నున్నగా అయిపోయినవి ఉంటే ఇప్పుడే మార్చండి. ఇవన్నీ పది, పన్నెండు వందల్లో అయిపోయే పనులే, టైర్లు తప్పితే. పొగ సర్టిఫికెట్టు, పన్ను, ఇన్సూరెన్సు గడువులు చూసుకుని స్లాటు తీసుకోండి. ఖాళీ బండితో వెళ్లమనండి, దారిలో బేరాలు ఎక్కించొద్దు. ఒకవేళ మళ్లీ కాదంటే, ఎందుకు కాదన్నారో రాసి ఇవ్వమని అడగండి. కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని అదే 56వ సెక్షను చెబుతోంది. ఆ చీటీ మెకానిక్‌కు చూపిస్తే అతనికి ఏం చెయ్యాలో తెలుస్తుంది. అన్యాయంగా కాదన్నారనిపిస్తే 30 రోజుల్లోగా అప్పీలు కూడా ఉంది. జనవరిలో మీ ఆయన ఇన్‌స్పెక్టరు నోటిమాటకే తిరిగొచ్చారు, అక్కడే తప్పు జరిగింది.

మొత్తం కలిపితే మీ లోనులో సగం దీనికి పోతుంది. మిగతా సగం మీద ఎవరి కన్నూ పడకుండా చూసుకోండి. ఇంకో వారం ఆలోచిద్దామనుకుంటే ఇంకో 350 కలుస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక పేరు. ఆ 15,000 మీకెందుకు పడలేదో ఇక్కడే ఉంది. ఆ పథకం సొంత ఆటో ఉన్న డ్రైవర్లకు. కాగితాల్లో మీ ఆయనకు ఆటో లేదు. ఉన్నది కోవూరు ఆయనకు. అంటే నాలుగేళ్ల కిందట వదిలేసిన చిన్న పని ఒక్క ఏడాదిలోనే మీకు 15,000 నష్టం చేసింది. ఈ బ్రేకులు, ఈ ఆలస్య రుసుము రెండూ దాంట్లో తీరిపోయేవి. ఈసారి అర్జీలు తీసుకునే లోపు పేరు మార్పించుకోండి. 29, 30 నంబరు ఫారాల మీద కోవూరు ఆయన సంతకాలు కావాలి. ముందు ఎఫ్‌సీ, తర్వాత పేరు అన్న వరసలో వెళ్లండి, మార్పిడికి వెళితే బండి కాగితాలన్నీ గడువులో ఉన్నాయా అని చూస్తారు.

కోవూరు ఆయన తిప్పించుకుంటే గొడవ పడకండి. మెల్లగా ఒక మాట చెప్పండి. బండి అమ్మేసినా రిజిస్ట్రేషనులో పేరు మారకపోతే ప్రమాద పరిహారానికి ఆ పేరున్నవాడే ఓనరు అని 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈ నాలుగేళ్లూ మీ బండి రోడ్డు మీద ఉన్న ప్రతి గంటా ఆయన మెడ మీదా కత్తి ఉన్నట్టే. ఈ సంగతి తెలిస్తే ఆయనే బస్సెక్కి వస్తారు.

అమ్మేసి కొత్తది కొనడం గురించి పెద్దగా చెప్పను. ఎఫ్‌సీ లేని, పేరు మారని పన్నెండేళ్ల ఆటోకు ఇప్పుడు వచ్చే ధర మీకు నచ్చదు. కాగితాలు చక్కబడ్డాక అయితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. కరెంటు ఆటో మీద మీకు మనసుందని రాశారు. డీజిలు ఖర్చు తప్పుతుంది, వాయిదాలు మొదలవుతాయి. ఫిట్‌నెస్ పరీక్ష దానికీ ఉంటుంది. నెల నెలా వాయిదా కట్టడానికి బండిలో ఇంకో నలుగుర్ని ఎక్కించాల్సి వచ్చేట్టయితే ఆ కొనుగోలు మిమ్మల్ని మళ్లీ ఇక్కడికే తెస్తుంది.

ఎక్కించడం అన్నాను కాబట్టి, మీరు అడగని విషయం ఒకటి. ఎఫ్‌సీ పరీక్ష ఖాళీ బండికి చేస్తారు. మీ ఆటో ఆర్‌సీ తీసి సీట్లు ఎన్నో చూడండి. మామూలుగా డ్రైవరు కాక ముగ్గురుంటుంది. పది మంది కూలీలతో నిమ్మతోటకు పోయే బండిని ఏ ఇన్‌స్పెక్టరూ, ఏ యంత్రమూ పరీక్షించలేదు. కొత్త షూలు వేసినా ఆ బరువుకు ఆగే దూరం పెరుగుతుంది. దీని మీద మీ ఆయనతో ఒకేసారి యుద్ధం గెలవలేరని నాకు తెలుసు, ఆ కిరాయే మీ పొయ్యి వెలిగిస్తోంది. పిల్లల విషయంలో మాత్రం ఒక దారి ఉంది. ఎనిమిది మందిని నాలుగు, నాలుగుగా రెండు ట్రిప్పులు వేస్తే డీజిలు కొంచెం ఎక్కువవుతుంది. నలుగురైనా ఆర్‌సీ లెక్కకు ఎక్కువే, కానీ ఎనిమిదికీ నాలుగుకీ తేడా ఉంది. ఒక్కో ఇంటికి నెలకు యాభయ్యో, వందో పెంచమని అడగొచ్చు. కొందరు మానేస్తారు. కొందరు ఒప్పుకుంటారు. పూర్తిగా లెక్క ప్రకారం పోవాలంటే పిల్లలైనా, కూలీలైనా ఆర్‌సీలో ఉన్నంతమందినే ఎక్కించాలి, రాబడి బాగా పడిపోతుంది. ఏది మోయగలరో మీ ఇద్దరే కూర్చుని తేల్చుకోవాలి.

మీ ఆయన గురించి ఒక మాట. పద్నాలుగేళ్ల అనుభవమున్న డ్రైవరును పదిమంది ముందు "బ్రేకు చాలదు, తీసుకుపో" అంటే చిన్నతనంగా ఉంటుంది. మళ్లీ అదే గేటు దగ్గరికి పోవడానికి కాళ్లు రావు. డబ్బు కోసం ఫెయిల్ చేశారు, ఊళ్లో ఎవరికుంది అన్న మాటలన్నీ దాని మీద కప్పిన దుప్పటి. పైగా ఆడవాళ్ల ఉచిత బస్సుతో బేరాలు పోయాయి, ఇప్పుడు సొంత కూతురే ఆ బస్సెక్కి పోతోంది. అది ఆయన చూడటం లేదనుకుంటున్నారా? వాంతుల కథ ఆయన నమ్మారో లేదో నాకైతే అనుమానమే. అందుకని ఎఫ్‌సీ పేరెత్తకుండా పెంచలకోన దారిలో ఆ బర్రెల సంగతి ఎత్తండి. "ఆ రోజు నువ్వు హ్యాండు బ్రేకు లాగకపోతే ఏమయ్యేదో" అనండి. ఆయన చేతి నైపుణ్యం వల్లే అందరూ బతికారని ఒప్పుకున్నాక, ఇక పెడలు గురించి మాట్లాడటం ఆయనకూ సులువవుతుంది. పాపను ఎందుకు దించారో కూడా ఆ పూటే చెప్పేయండి. కోపం వస్తుంది, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఇంకెవరి నోటో వినడం కంటే అది నయం.

ఆయన ససేమిరా అంటే? మీ ముందు రెండు దారులుంటాయి. అధికారులకు చెప్పడం ఒకటి. బండి ఆగుతుంది, మీ కాపురంలో ఆ మాట చాలాకాలం మిగులుతుంది. పిల్లల తల్లులకు చెప్పడం ఇంకొకటి. బేరం పోతుంది, ఊళ్లో నాలుగు రోజులు గుసగుసలు నడుస్తాయి, కానీ పిల్లలు వేరే బండి ఎక్కుతారు. నన్నడిగితే రెండోదే ముందు. అదీ ఆయనకు చెప్పి, "ఫలానా రోజులోగా షెడ్డులో పెట్టకపోతే నేను చెప్పేస్తా" అని గడువు పెట్టి.

ఒప్పుకుంటే మాత్రం చెప్పడం చాలా తేలిక. పక్క సందు ఆవిడ మళ్లీ ఎదురుపడేదాకా ఆగకండి, మీరే వెళ్లండి. "బ్రేకులు బాగు చేయిస్తా ఉండామమ్మా, రెండు రోజులు బండి రాదు. అందాకా మీవాణ్ణి కూడా మా పాపతో బస్సులో పంపించు, టిక్కెట్టు వాడికొక్కడికే" అనండి.